ఐదేళ్ళ బాబుకి సైన్స్ నేర్పాలంటే ముందు ఒక టబ్బు నీళ్ళు పెట్టండి

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మధురవాడలో ఉంటారు, బాబుకి ఐదేళ్ళు నిండాయి, యూకేజీ. పాపకి ఏడున్నర, రెండో తరగతి. ఆన్‌లైన్‌లో రెండు వేలు పెట్టి సైన్స్ కిట్ తెప్పించారు. బాబు అందులోని అగ్నిపర్వతం ఒకసారి పొంగించి చప్పట్లు కొట్టాడు, మర్నాటి నుంచి ఆ డబ్బా ముట్టుకోలేదు. వీడియోలు పెడితే కళ్ళార్పకుండా చూస్తాడు గానీ, ఏం చూశావు నాన్నా అంటే చెప్పడు. ఆటల్లో సైన్స్ ఎలా నేర్పాలి, ఏ వయసుకి ఏ టాపిక్, ఇంకేం కొనాలి, వీడు వెనకబడిపోతాడేమో అని టెన్షన్‌గా ఉంది అన్నారు.

టెన్షన్ పడకండి. బాబులో ఏ లోపమూ లేదు. ఆ అగ్నిపర్వతంలో వాడు చేయడానికి ఏమీ లేదు, అంతే. సోడా పొడి మీరు కొలిచారు, వెనిగర్ మీరు పోశారు, నురగ వస్తుందని డబ్బా మీదే బొమ్మ వేసి ఉంది. వాడు ఊహించేందుకు, తప్పు పోయేందుకు, మార్చి చూసేందుకు ఎక్కడా సందు లేదు. ఒకసారి చూశాక మళ్ళీ ఎందుకు చూడాలి?

విశాఖలో ప్రాథమిక పాఠశాలల్లో 28 ఏళ్ళు పనిచేశాను. ఎక్కువగా ఒకటి నుంచి మూడో తరగతి పిల్లలతోనే గడిచింది. ఆ అనుభవంతో మీకు గట్టిగా చెప్పగలిగేది ఒక్కటే. చిన్నపిల్లలకి మనం జవాబు ఎంత ఆలస్యంగా చెబితే అంత సైన్స్ వస్తుంది. చేతికి వస్తువు ఇవ్వాలి, ఏమవుతుందో ముందు వాళ్ళ చేత చెప్పించాలి, తర్వాత చేసి చూడనివ్వాలి. మిగతాదంతా దీనికి కొనసాగింపే.

ఇది నాకూ మొదట్లో తెలీదు. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో బోర్డు మీద రెండు గళ్ళు గీసి ఒకదాంట్లో తేలేవి, ఇంకోదాంట్లో మునిగేవి రాసి, క్లాసంతటి చేతా గట్టిగా చదివించేదాన్ని. ఆకు తేలును, రాయి మునుగును. పరీక్షలో అందరికీ మార్కులు వచ్చేవి. ఒకరోజు ఒక పిల్లాడు లేచి, "టీచరు గారూ, గుమ్మడికాయ ఏ గడిలో రాయాల?" అన్నాడు. నాకు తెలీలేదు. రేపు చూద్దాం అన్నాను.

మర్నాడు మధ్యాహ్న భోజనం వండే ఆవిడని అడిగి ఒక గుమ్మడికాయ, నాలుగు బంగాళదుంపలు, రెండు వంకాయలు తెచ్చాను. వరండాలో పెద్ద ప్లాస్టిక్ టబ్బు నిండా నీళ్ళు పోశాం. గుమ్మడికాయ మునుగుతుందనేవాళ్ళు చేతులెత్తండి అన్నాను. ఒక్కడు తప్ప అందరూ ఎత్తారు. ఎత్తనివాడిది పెద జాలరిపేట. ఎందుకురా అంటే, "మా నాన్న తెప్ప దీనికన్నా బరువు. అది మునగదు కదండీ" అన్నాడు. గుమ్మడికాయ వదిలాం. ఒకసారి కిందికి దిగి, పైకి లేచి, పక్కకి దొర్లి తేలింది. "మునగనేదు! మునగనేదు!" అని పిల్లలు ఎగిరిన గోలకి పక్క క్లాసు టీచరు వచ్చి చూసింది.

నాకు గుర్తుండిపోయింది మాత్రం ఆ తర్వాత జరిగింది. బంగాళదుంప బుడుంగున మునిగింది. ఇంత పెద్దది తేలి, ఇంత చిన్నది ఎందుకు మునిగిందో ఎవరికీ అర్థం కాలేదు. ఒక పాప, "ముక్క చేస్తే తేలుద్దేమో" అంది. సగం చేసి వేశాం, మునిగింది. పావు ముక్క, మునిగింది. చివరికి గోరంత ముక్క కోసి తనే వేసింది. అదీ అడుక్కి పోయింది. ఆ పాప టబ్బులోకి చాలాసేపు చూసి, "ఎంత చిన్నదైనా దుంప దుంపేనండి" అంది. సాంద్రత, అంటే అంతే చోటులో ఎంత బరువుందన్నది, ఆ మాట ఆ పిల్లకి ఇంకో ఆరేడేళ్ళకి గానీ పుస్తకంలో కనబడదు. కానీ తేలడం, మునగడం వస్తువు పెద్దదా చిన్నదా అన్నదాన్ని బట్టి కాదు, అది దేంతో తయారైందో దాన్ని బట్టి అని ఆ రోజు తన వేళ్ళతో తెలుసుకుంది. తర్వాత గుమ్మడికాయ కోస్తే లోపల ఖాళీ కనబడింది. అప్పుడు జాలరిపేట పిల్లాడు, "అయితే ఓడలో కూడా ఖాళీ ఉంటాది" అన్నాడు. నేను ఒక్క ముక్క పాఠం చెప్పలేదు.

మీరు ఈ ఆదివారం ఇదే చేయండి. రైతు బజార్ నుంచి కూరలు తేగానే సంచీ మొత్తం టబ్బు పక్కన పెట్టండి. ఒక్కోటీ వేసే ముందు బాబు చెప్పాలి, పాప చెప్పాలి, మీరూ చెప్పాలి. మీరు కూడా ఒకటి రెండు తప్పు చెప్పండి, పెద్దవాళ్ళ ఊహ కూడా తప్పుతుందని వాళ్ళకి తెలియాలి. కమలాపండు ఒకటి తొక్కతో, ఒకటి తొక్క తీసి వేయించండి. బరువు తగ్గించిన పండు మునిగితే వాళ్ళ మొహాలు చూడండి. తొక్కలో గాలి ఉంటుందని అప్పుడే చెప్పేయకండి. "ఎందుకంటావు?" అని అడిగి ఊరుకోండి.

ఈ ఊరుకోవడమే కష్టం. అమెరికాలో మేరీ బడ్ రో అనే విద్యావేత్త 1970ల్లో సైన్స్ క్లాసులు రికార్డు చేసి, టీచర్లు ప్రశ్న అడిగాక సగటున ఒక సెకను కూడా ఆగడం లేదని గమనించారు. మూడు సెకన్లు ఆగితే చాలు, పిల్లల జవాబులు పెద్దవయ్యాయి, మామూలుగా నోరు విప్పని పిల్లలూ మాట్లాడారు, పిల్లలే ఎదురు ప్రశ్నలు వేశారు. ఇది చదివాక నేను ప్రశ్న అడిగి మనసులో ఒకటి, రెండు, మూడు, నాలుగు లెక్కపెట్టుకోవడం అలవాటు చేసుకున్నాను. బాబు వీడియో చూసి ఏమీ చెప్పడం లేదన్నారు కదా. వీడియో ఆగదు, వాడి కోసం ఎదురుచూడదు. మీరు ఎదురుచూడగలరు.

ఎందుకు అనే ప్రశ్నల సంగతి. బీచ్‌కి తీసుకెళ్తే ప్రతి పిల్లా అడిగేది, సముద్రం నీలంగా ఎందుకుంది అని. మనలో చాలామంది ఆకాశం రంగు నీళ్ళలో కనబడుతుంది అని చెప్పేస్తాం. ఒకప్పుడు పెద్ద శాస్త్రవేత్తలూ అలాగే అనుకున్నారు. సి.వి. రామన్ చిన్నప్పుడు మన ఊళ్ళోనే పెరిగారు. వాళ్ళ నాన్నగారు మిసెస్ ఏవీఎన్ కాలేజీలో పాఠాలు చెప్పేవారు, రామన్ సెయింట్ అలోషియస్ స్కూల్లో చదివి పదకొండేళ్ళకే మెట్రిక్యులేషన్ పాసయ్యారు. ఆయన 1921లో ఓడలో వెళ్తూ, ఆకాశం ప్రతిబింబాన్ని చిన్న పట్టకంతో తొలగించి చూశారు. అయినా సముద్రం నీలంగానే కనబడింది. అప్పటికి అందరూ ఒప్పుకున్న జవాబు మీద ఆయనకి అనుమానం వచ్చింది, దాన్ని పరీక్షించి చూశారు. నీటి అణువులు వెలుగుని చెదరగొడతాయని చూపించిన ఆ దారే రామన్ ఎఫెక్ట్ కనిపెట్టిన 1928 ఫిబ్రవరి 28 దాకా, 1930 నోబెల్ దాకా తీసుకెళ్ళింది. దాంతోపాటు నీరు ఎర్ర వెలుగుని కొద్దికొద్దిగా పీల్చుకుంటుందని ఇప్పుడు మనకి తెలుసు. లోతుగా ఉంటే గానీ ఆ తేడా కంటికి కనబడదు.

ఇదంతా బాబుకి చెప్పమనడం లేదు. వాడి చేతికి ఒక గాజు సీసా ఇచ్చి, సముద్రపు నీళ్ళు మీరు పట్టి తెచ్చి, ఎండలో పైకెత్తి చూడమనండి. "నీలం ఏమైంది?" వాడే అడుగుతాడు. ఆ ప్రశ్నతో ఇంటికి వస్తే చాలు. కావాలంటే మబ్బు పట్టిన రోజు ఒకసారి, ఎండ రోజు ఒకసారి చూసి రంగు పెన్సిళ్ళతో వేయమనండి. ఏడేళ్ళ పాప అయితే ఒడ్డు దగ్గర ఒక రంగు, దూరంగా ఇంకో రంగు అని పట్టేస్తుంది.

అదే సీసా నీళ్ళు స్టీలు పళ్ళెంలో పల్చగా పోసి డాబా మీద పెట్టండి. ఒకట్రెండు ఎండల్లో తెల్లటి పొర మిగులుతుంది. సముద్రపు నీటిలో లీటరుకి సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది, వానల తర్వాత మన తీరంలో కాస్త తగ్గుతుంది. పక్కనే కుళాయి నీళ్ళతో ఇంకో పళ్ళెం పెడితే రెండూ పోల్చుకుంటారు. ఆ ఉప్పు మాత్రం నోట్లో పెట్టనివ్వకండి, మన బీచ్‌లో మురుగు కూడా కలుస్తుంది.

బీచ్‌లో ఇంకో నిధి ఉంది. ఇసుకలో నల్లటి చారలు చూసే ఉంటారు. పాత స్పీకర్ లోంచి తీసిన అయస్కాంతం ఒకటి సంపాదించి, ప్లాస్టిక్ కవర్‌లో వేసి, ఆ నల్ల ఇసుకలో దొర్లించమనండి. కవర్‌కి నల్ల రేణువులు వెంట్రుకల్లా నిలబడి అంటుకుంటాయి. కవర్ లోంచి అయస్కాంతం తీసేస్తే అన్నీ జలజలా రాలిపోతాయి. మా పిల్లలు దీన్ని గంట సేపు ఆడారు, నేను బలవంతంగా బస్సెక్కించాల్సి వచ్చింది. అంటుకునేది ఎక్కువగా మాగ్నెటైట్ అనే ఇనుప ఖనిజం. అంటుకోని నల్ల రేణువులూ ఉంటాయి, వాటిలో ఇల్మెనైట్ అనే ఇంకో ఖనిజం ఎక్కువ. ఎర్రగా, గులాబీగా మెరిసేవి గార్నెట్. ఇవి ఎక్కడివంటే, మన చుట్టూ ఉన్న కొండలవే. కైలాసగిరి, డాల్ఫిన్స్ నోస్ కొండలు ఖోండలైట్ అనే రకం రాయి. తెన్నేటి పార్కు దగ్గర రాళ్ళని భూతద్దంతో చూస్తే ఎర్ర చుక్కలు కనబడతాయి, అవి గార్నెట్లే. కొండ అరిగి ఇసుకైంది. తేలిక ఇసుకని అల వెనక్కి లాక్కుపోతుంది, బరువైనది అక్కడే మిగులుతుంది. చేటలో బియ్యం చెరగడం చూసిన పిల్లకి ఇది వెంటనే తెలుస్తుంది. చూడకపోతే ముందు చేట తీసి చెరగడం చూపించండి, మీకూ ఒక పని అయిపోతుంది.

ఇక వంటింటికి వద్దాం. నన్నడిగితే విశాఖలో ఉన్న అన్ని సైన్స్ ల్యాబుల్లో మంచిది ఇదే. రాత్రి ఇడ్లీ పిండి రుబ్బాక రెండు గాజు సీసాల్లో సగం దాకా పోయండి. పిండి ఎక్కడిదాకా ఉందో అక్కడ రబ్బరు బ్యాండు వేయమనండి. ఒక సీసా ఫ్రిజ్‌లో, ఒకటి గట్టు మీద. రేపు పొద్దున్న పిండి బ్యాండు పైన ఉంటుందా, కింద ఉంటుందా? పడుకునే ముందు ఇద్దరి పందెం రాసిపెట్టండి. పిల్లలు మీకన్నా ముందు లేస్తారు, చూడండి. గట్టు మీద పిండి పొంగి ఉంటుంది, పక్క నుంచి చూస్తే బుడగలు కనబడతాయి. ఫ్రిజ్‌లోది దాదాపు కదలదు. "పిండికి చలేస్తే పొంగదా?" అని మా మనవరాలు అడిగింది. ఎంత మంచి ప్రశ్న! అలా అనుకుంటే ఇంకేం చేసి చూద్దాం అని అడిగాను. ఒక సీసాకి తువ్వాలు చుట్టింది. మే నెలలో చేసింది, డిసెంబరులో మళ్ళీ చేసింది, చలికాలం పిండి ఆలస్యంగా పొంగుతుందని తనే కనిపెట్టింది. పిండిలో కంటికి కనబడని జీవులు ఉంటాయి, అవి తిని గాలి వదులుతాయి, ఆ గాలే బుడగలు అని ఆ తర్వాత చెప్పాను. అప్పటికి అది పాఠంలా అనిపించలేదు, కబురులా విన్నది.

ఇక్కడ మీరు ఒకటి గమనించాలి. రెండు సీసాల్లో పిండి ఒకటే, సీసా ఒకటే, మారింది చల్లదనం ఒక్కటే. ఒక్కసారికి ఒక్కటే మార్చడం పెద్ద పెద్ద ల్యాబుల్లో చేసే పని. దీన్ని పాపకి మాటల్లో చెప్పినా ఫర్వాలేదు. బాబుకి అక్కర్లేదు, వాడికి పందెం చాలు.

పసుపు కూడా వాడండి. తెల్ల కాగితాన్ని పసుపు నీళ్ళలో ముంచి ఆరబెట్టి, సబ్బు నీళ్ళలో ముంచిన బ్రష్ ఇచ్చి బొమ్మ వేయమనండి. ఆ సబ్బు నీళ్ళతో వేసిన గీత ఎర్రగా వస్తుంది. దాని మీద నిమ్మరసం రాస్తే మళ్ళీ పసుపు. చొక్కా మీద పసుపు మరక సబ్బు పెట్టగానే ఎర్రబడటం మనం ఎన్నిసార్లు చూశాం! పేరంటంలో కాళ్ళకి రాసే పారాణి కూడా ఇదే పసుపు, సున్నం ఆటే. బామ్మ చేత ఆ సంగతి చెప్పించండి. సున్నం మాత్రం పిల్లల చేతికి ఇవ్వకండి, కంట్లో పడితే ప్రమాదం. పెరట్లో నీలం శంఖుపుష్పం ఉంటే రెండు పూలు వేడినీళ్ళలో వేసి, చల్లారాక నిమ్మకాయ పిండమనండి. అది మాత్రం ముందు ఏమీ చెప్పకుండా చేయండి.

నీడలు చెప్పకుండా ఉండలేను, మన ఊరికి ఒక ప్రత్యేకత ఉంది కాబట్టి. డాబా మీద బాబుని నిలబెట్టి సుద్దముక్కతో పాప వాడి నీడ గీయాలి. పొద్దున్న ఎనిమిదికి, మధ్యాహ్నం, సాయంత్రం నాలుగింటికి, మూడుసార్లూ అదే చోట. నీడ ఎందుకు పొట్టిదైంది, ఎటు తిరిగింది, రేపు ఎనిమిదికి ఎక్కడ పడుతుంది? గీత గీసి పందెం. విశాఖ అక్షాంశం సుమారు 17.7 డిగ్రీలు. అందుకని మే రెండో వారం మొదట్లో ఒకసారి, ఆగస్టు మొదటి రోజుల్లో ఒకసారి సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడు. మేలో అయితే మధ్యాహ్నం 11 గంటల 53 నిమిషాల ప్రాంతంలో నిటారుగా పెట్టిన గ్లాసుకి పక్కన నీడే ఉండదు. ఈ రెండు రోజుల మధ్య కాలంలో మధ్యాహ్నపు నీడ దక్షిణం వైపు పడుతుంది, మిగతా సంవత్సరమంతా ఉత్తరం వైపు. చాలామంది పెద్దవాళ్ళకి ఈ సంగతి తెలీదు. పాప కనిపెట్టి వాళ్ళ స్కూల్లో చెబితే ఎంత బాగుంటుంది! మే ఎండలో అయిదు నిమిషాలకి మించి ఉంచకండి, చెప్పులు వేయండి.

పాపకి విడిగా ఒకటి. మీ బాల్కనీ గ్రిల్ తుప్పు పట్టే ఉంటుంది, సముద్రపు గాలికి మన ఊళ్ళో ఏ గ్రిల్లూ నాలుగేళ్ళు నిలవదు. నాలుగు మేకులు తీసుకుని ఒకటి పొడి గ్లాసులో, ఒకటి మామూలు నీళ్ళలో, ఒకటి ఉప్పునీళ్ళలో, ఒకటి నూనెలో వేయించండి. వారం రోజులు రోజూ బొమ్మ వేసి తేదీ రాయాలి. తర్వాత ఎప్పుడైనా భీమిలి రోడ్డులో ఎర్రమట్టి దిబ్బలకి తీసుకెళ్ళి, ఆ ఎరుపు, మేకు మీది ఎరుపు దగ్గర పెట్టి చూడమనండి. రెండూ ఇనుము, ఆక్సిజన్ కలిసినవే. దిబ్బల మట్టి తవ్వి తేకండి, అది కాపాడుకోవాల్సిన చోటు.

కురుసుర జలాంతర్గామి చూసే ఉంటారు. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విరమించి, మరుసటి ఏడాది ఆర్కే బీచ్‌లో మ్యూజియం అయింది. పిల్లలు లోపల తిరిగి ఫొటోలు దిగి వచ్చేస్తారు. వచ్చాక ఇది చేయండి. రంధ్రం లేని పెన్ను మూత ఒకటి తీసుకుని, కింది అంచుకి కాస్త బంకమట్టి అంటించి, గ్లాసు నీళ్ళలో పైకొస మాత్రమే బయటికి కనబడుతూ తేలేలా సరిచేయండి. తర్వాత నిండా నీళ్ళున్న ప్లాస్టిక్ సీసాలో వేసి బిరడా గట్టిగా బిగించండి. సీసాని నొక్కితే మూత మునుగుతుంది, వదిలితే లేస్తుంది. నొక్కినప్పుడు మూతలోకి నీళ్ళు ఎక్కడం పక్క నుంచి కనబడుతుంది. జలాంతర్గామి కూడా తొట్లలోకి నీళ్ళు నింపుకుని మునుగుతుంది, గాలితో ఆ నీళ్ళని తోసేసి లేస్తుంది. మట్టి సరిపెట్టడానికి పది పదిహేను సార్లు తప్పుతుంది. ఆ పదిహేను సార్లూ వాళ్ళనే చేయనివ్వండి, మీరు చేసి ఇవ్వకండి.

బొమ్మలు కొనాలనిపిస్తే ఏటికొప్పాక లక్క బొంగరాలు కొనండి. ఒకటి లావుది, ఒకటి సన్నది. ఏది ఎక్కువసేపు తిరుగుతుంది, గచ్చు మీదా, దుప్పటి మీదా? ముంజెల కాలంలో ముంజెకాయల బండి చేయించండి, చక్రం, ఇరుసు అందులోనే వస్తాయి. మన ఆటల్లో ఉన్న సైన్స్‌కి డబ్బాలు అక్కర్లేదు. బొమ్మలతో సైన్స్ నేర్పే అరవింద్ గుప్తా గారు చెత్తలోంచి చేసిన బొమ్మలు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. జన విజ్ఞాన వేదిక వాళ్ళు పిల్లల కోసం తెచ్చే సైన్స్ పత్రిక చెకుముకి పాపకి ఇంకో ఏడాదికి పనికొస్తుంది.

ఏ వయసుకి ఏ టాపిక్ అన్నారు. టాపిక్ కన్నా చేసే పని మారుతుంది. మూడు నాలుగేళ్ళకి పోయడం, తడపడం, విడదీయడం, వాసన చూడటం చాలు. ఐదారేళ్ళకి ఊహించి చెప్పడం మొదలవుతుంది. ఏడెనిమిదికి కొలవడం, రాసుకోవడం, ఒక్కటే మార్చి చూడటం వస్తాయి. 2020 జాతీయ విద్యా విధానం కూడా మూడు నుంచి ఎనిమిదేళ్ళ దాకా ఒకే పునాది దశ అంటుంది, ఆటే అక్కడ ప్రధానం. కాబట్టి బాబు వెనకబడలేదు.

వాడు తప్పు చెబితే వెంటనే సరిదిద్దకండి. చందమామ మన బండితోపాటే వస్తున్నాడు అంటే, "మరి పక్క వీధిలో వెళ్ళే మావయ్యతో కూడా వెళ్తున్నాడా? ఫోన్ చేసి అడుగుదామా?" అనండి. మీరు తప్పు అంటే వాడు ఇంకోసారి మీతో అనడు, లోపలే ఉంచుకుంటాడు. నా క్లాసులో నేను పోగొట్టుకున్న ప్రశ్నలన్నీ అలాగే పోయాయి. మొదటి తరగతిలో గలగలా ప్రశ్నలు వేసినవాళ్ళు మూడో తరగతికి చేతులు కట్టుకుని కూర్చునేవారు. ఆ బాధ నాకు ఇంకా ఉంది, అందుకే ఇంత రాస్తున్నాను.

జాగ్రత్తలు కొన్ని తప్పనిసరి. గుండ్రటి చిన్న బటన్ బ్యాటరీలు, చిన్న గట్టి అయస్కాంతాలు పిల్లలకి అందకూడదు. బటన్ బ్యాటరీ మింగితే గొంతులో ఇరుక్కుని రెండు గంటల్లోనే లోపల కాలుస్తుంది. అనుమానం వచ్చినా ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. రెండు అయస్కాంతాలు మింగితే పేగుల్లో ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. భూతద్దంతో సూర్యుణ్ణి చూడొద్దని రోజూ చెప్పండి. బీచ్‌లో మన అలలు లాగేస్తాయి, ఆర్కే బీచ్‌లోనూ రుషికొండలోనూ తడి ఇసుక దాకానే, మీ చెయ్యి పట్టుకుని. టబ్బులో నీళ్ళు ఆట అవగానే పారబోయండి.

ఒక నోటుబుక్కు పెట్టండి, గీతలు లేనిది. బాబు బొమ్మ వేస్తాడు, వాడు చెప్పింది చెప్పినట్టు మీరు కింద రాయండి, సరిచేయకుండా. ఆరు నెలల తర్వాత చదివి వినిపిస్తే, "అప్పుడు నాకు తెలీదు కదా" అని వాడే నవ్వుతాడు.

కిట్ పారేయకండి. అందులో భూతద్దం ఉంటుంది, అది ఇవాళే తీసి బాబు చేతికి ఇచ్చి చీమల బారు దగ్గర కూర్చోబెట్టండి. వెనిగర్, సోడా తర్వాతి వారం ఇవ్వండి, ఈసారి డబ్బా బొమ్మ చూపించకుండా. రెండు చెంచాల సోడాతో, అర చెంచాతో, వెనిగర్ బదులు నిమ్మరసంతో, మజ్జిగతో, ఉత్త నీళ్ళతో. గ్లాసులు బాత్రూంలో పెట్టండి, గచ్చు పాడవకుండా ఉంటుంది. దేంతో పొంగింది, దేంతో పొంగలేదో వాడు ఏం చెప్పాడో నాకు రాయండి.